మూత లోపలి సుద్దరాతలు

ఈ సభకు పెద్దగా కూర్చున్న గోపాలరావు గారికి, పలాస కాశీబుగ్గల వర్క్‌షాపుల యజమానులకు, టెక్కలి నుంచి, పూండి నుంచి, బారువ నుంచి పెళ్లిళ్ల సీజనులో కూడా పని మానుకుని వచ్చిన టెంట్‌హౌస్ మిత్రులకు, వేదిక మీదున్న కృష్ణవేణి చెల్లెమ్మకు, ఆమె పక్కన కూర్చుని, కప్పిన శాలువాను ఇప్పటికే రెండుసార్లు తీసి తిరగేసి చూసి మళ్లీ కప్పుకున్న మా జనార్దనరావు బావకు నా నమస్కారం.

శాలువా ఎందుకు తిరగేశాడో మీకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. నేత ఎంత ఒత్తుగా ఉందో, తడిస్తే ఎంత నీళ్లు తాగుతుందో చూశాడు. తివాచీలు ఉతికే మిషన్లు చేసేవాడికి ఏ గుడ్డ ఇచ్చినా ముందు వెనకవైపు చూస్తాడు. ఇందాక నాకు కప్పినప్పుడు నేనూ అదే చేశాను. (నవ్వులు)

నేను మాట్లాడే మనిషిని కానని మీకందరికీ తెలుసు. బడిలో నేర్చుకున్నది కొంచెం, పక్కవాడి చెయ్యి చూసి నేర్చుకున్నది మిగతాది. రాయడమంటే నాకు రోజు లెక్క రాసుకోవడమే. అయినా ఈ సభలో తడబడకూడదని ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టుకుని వచ్చాను. మా ఆవిడ దేవి చదివి చూసి, "ఇన్ని మాటలు కడుపులో ఎట్టుకుని నాతో అన్నం పెట్టు, నీళ్లు పెట్టు తప్ప మరోటి మాటాడలేదేటి ఇన్నాళ్లు?" అంది. మూడో వరసలో కూర్చుని ఉంది, కావాలంటే అడగండి. (నవ్వులు)

అసలు సంగతికి వస్తాను. ఇందాక బయట టీ తాగుతుంటే నా వెనక ఎవరో నా గురించే అంటున్నారు, తవిటయ్య ఈ రోజు జనార్దనరావు షాపు కొంటున్నట్టు ఈ సభలోనే చెబుతాడట అని. ఆ మాట గాలికి పుట్టింది కాదు. పోయిన నెలలో బావ మా షాపుకు వచ్చాడు. మా రెండు షాపుల మధ్య ఉన్నది ఒక్క రైల్వే గేటే అయినా, మేం పోటీ మొదలెట్టాక అతను నా గేటు దాటి లోపలికి రావడం అది రెండోసారి. మొదటిసారి ఎందుకొచ్చాడో తర్వాత చెబుతాను. వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోకుండా, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని కాసేపు నా వెల్డింగ్ చూశాడు. ఒక్క వంకా పెట్టలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

"నాకు కళ్లు ఆనడం లేదు బావా," అన్నాడు. "మంట సూత్తే రెండ్రోజులు నీళ్లే. షాపు నువ్వు తీసుకో. ఉత్తరాది కంపినీవోళ్లు అడుగుతన్నారు గానీ, ఆళ్లకిత్తే బోర్డు పీకేసి గోడౌను సేసుకుంటారు."

మరి మాధవి సంగతేమిటని అడిగాను. మాధవీలత బావకూ కృష్ణవేణి చెల్లెమ్మకూ కూతురు, చదువు అవగానే తండ్రి షాపులోనే చేరింది. బావ నేల చూపులు చూసి, ఆడపిల్లకు ఈ మసి, ఈ మంట, ఈ లారీవాళ్లతో తగువులు ఎందుకన్నాడు. ఆమె మాట నమ్మి మిషను కొనేవాడు ఎవడున్నాడన్నాడు. ఆ పిల్లను అడిగావా అంటే, ఉత్తరాది కంపెనీ ఇస్తానన్న ధర చెప్పడం మొదలెట్టాడు. నేను ఆలోచించి నీ సన్మాన సభలో చెబుతానన్నాను. అతను నవ్వాడు గానీ, నేను నవ్వలేదని ఇంటికి వెళ్లాక గుర్తొచ్చి ఉంటుంది. ఇవాళ పొద్దున్నుంచీ నా ముఖంలోకే చూస్తున్నాడు. మాధవి కూడా చూస్తోంది. చెబుతాను. కాస్త వరసగా చెప్పనివ్వండి.

ఇక్కడున్న కుర్రవాళ్లకు తెలియదేమో, మేమిద్దరం జీడిపప్పు మనుషులం. బావ పిక్కలు ఉడికించే బాయిలర్లు చేసేవాడు, నేను పిక్కలు సైజుల వారీగా వేరుచేసే జల్లెడ డ్రమ్ములు చేసేవాణ్ణి. అప్పట్లో మా మధ్య పోటీ లేదు, అతని బాయిలర్‌లో ఉడికింది నా డ్రమ్ములోకి వచ్చేది. తర్వాత ఫ్యాక్టరీలకు బయటి నుంచి కొత్త మిషన్లు దిగాయి, మా ఇద్దరి పనీ పలచబడింది. అప్పుడు అదిగో, ఆ స్తంభం పక్కన కూర్చున్న టెక్కలి ఉమాశంకర్ నా దగ్గరికి వచ్చాడు. ఆయన టెంట్‌హౌస్‌లో తివాచీలు, జంఖానాలు గుట్టలు. గెడ్డ నీళ్లలో ఉతికిస్తే వానాకాలం ఆరవు, ఆరని తివాచీ వాసన పెళ్లివారు భరించరు. దుమ్ము దులిపి, ఉతికి, నీళ్లు పిండే మిషను ఒకటి చేసిపెట్టమన్నాడు. సరేనన్నాను. ఆయన అదే పొద్దున, అదే మాట, రైల్వే గేటు దాటి బావతో కూడా చెప్పి వెళ్లాడని నాకు తెలియదు. (నవ్వులు) ఉమాశంకర్ గారూ, నవ్వకండి. ఇన్నేళ్ల మా గొడవకు మీరే కారణం.

అక్కడ మొదలైంది. బావ మిషనుకు ఆకుపచ్చ రంగు వేస్తే నేను నీలం వేశాను. అతను ఏడాది గ్యారంటీ ఇస్తే నేను ఏడాదిన్నర ఇచ్చాను. అతను చక్రాలు పెట్టాడని నేను ఇంకా పెద్ద చక్రాలు పెట్టాను. నా మిషను నున్నటి నేల మీద దానంతటదే నడిచి వెళ్లిపోతోందని పూండి వాళ్లు ఫోను చేశాక మళ్లీ చిన్నవి పెట్టాను. హైవే మీద టెక్కలి దగ్గర అతను బోర్డు నిలబెడితే, విశాఖపట్నం నుంచి వచ్చేవాళ్లకు నాది ముందు కనబడాలని నౌపడ మలుపులో నేనొకటి నిలబెట్టాను. బరంపురంలో అమ్మడానికి అతను ఒడియా నేర్చుకున్నాడు. నాకు రాలేదు. బరంపురం ఇప్పటికీ పచ్చగానే ఉంది. (నవ్వులు)

ఇక మీలో చాలామందికి తెలియనిది ఒకటి చెప్పాలి. మిషను పాడైతే కొన్నవాడు ఎవరి దగ్గర కొన్నామని చూడడు, దగ్గరున్న షాపుకు తోలుకొస్తాడు. అలా అతని మిషన్లు నాకూ, నావి అతనికీ రిపేరుకు వచ్చేవి. మొదటిసారి నా మిషను అతని దగ్గర బాగుపడి వెళ్లి, మళ్లీ ఏదో పనికి నా దగ్గరికి వచ్చినప్పుడు మోటారు మూత విప్పాను. మూత లోపల సుద్దముక్కతో రాసి ఉంది: "బావా, ఇది తివాచీ ఉతికే మిషనా, జీడిపిక్కలు ఏపే పెనమా?" కింద చిన్న అక్షరాలతో, బెల్టు వదులుగా ఉంది, మోటారును కొంచెం వెనక్కి జరుపు అని ఉంది. జరిపి చూశాను. అతను చెప్పింది నిజమే. ఆ తర్వాత అతని మిషను నాకు దొరికినప్పుడు నేను ఊరుకుంటానా. "నీ బేరింగు అరుపుకి వజ్రపుకొత్తూరులో కుక్కలు లేస్తన్నాయి" అని రాసి, కింద ఏ బేరింగు వేయాలో కూడా రాశాను. ఎదురుపడి మాట్లాడుకున్నది తక్కువే గానీ, ఇన్నేళ్లూ మేం మూతల లోపల మాట్లాడుకుంటూనే ఉన్నాం. తిట్టు పెద్ద అక్షరాలతో ఉండేది, పనికొచ్చే మాట చిన్న అక్షరాలతో ఉండేది. నా మిషన్లు బాగుపడ్డాయంటే ఆ చిన్న అక్షరాల వల్లే. ఇది అతని ముందు ఒప్పుకోవడానికి ఇంత పెద్ద సభ కావలసి వచ్చింది.

ఇప్పుడు అతను మొదటిసారి నా గేటు దాటిన సంగతి. మొదట్లో మా ఇద్దరికీ కొత్త స్టీలు రేకు కొనే స్తోమత లేదు. జీడి ఫ్యాక్టరీలు పాత బాయిలర్లు తీసేస్తే ఆ రేకు కోసి వాడేవాళ్లం. పలాసలో పుట్టినవాడే చేయగల పని అది. బావ అలాంటి రేకుతో చేసిన డ్రమ్ము ఒక కల్యాణ మండపానికి వెళ్లింది. చన్నీళ్లతో ఉతికినన్నాళ్లు ఏమీ లేదు. ఒకరోజు వాళ్లు వేన్నీళ్లు పోశారు. బాయిలర్ అతుకుల్లో ఏళ్ల తరబడి ఇంకిపోయిన జీడిపిక్క తొక్కల నూనె కరిగి కారింది. మీగడ రంగు తివాచీ మీద జీడి మరక. జీడి మరక సంగతి మన ఊళ్లో చెప్పాలా? ఒకప్పుడు చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెట్టుకున్నది దీని తమ్ముడు నల్లజీడితోనే, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదని. ఆ తివాచీ ముక్కలు కోసి కాళ్లు తుడుచుకునే పట్టలు చేసుకున్నారు, బావ కొత్త తివాచీ కొనిచ్చాడు.

ఆ కబురు ఊరంతా తెలిసిన రోజున నా షాపులో నీలం డ్రమ్ము ఒకటి, ఉమాశంకర్ గారికి పంపడానికి, లారీ ఎక్కి ఉంది. నా మిషన్లు ఇంక ఒకటికి రెండు అమ్ముడవుతాయని నాకు లోపల కొంచెం సంతోషంగానే ఉంది. అప్పుడు బావ స్కూటరు మీద వచ్చాడు. బండి స్టాండు కూడా వేయలేదు, గోడకు ఆనించాడు.

"ఆ డ్రమ్ము దించీ బావా," అన్నాడు. "నీ రేకు కూడా ఆ బాయిలర్దే. మనిద్దరికీ ఒక్కడే కదా అమ్మింది. నేను సగం కొన్నాను, మిగతా సగం నీకే ఇచ్చాడట."

ఆ ఒక్కమాట చెప్పి వెళ్లిపోయాడు. టీ కూడా తాగలేదు. నేను డ్రమ్ము దించి, వేన్నీళ్లు పోసి చూశాను. కారింది.

అతను ఆ రోజు రాకుండా ఉంటే నా షాపు అక్కడితో అయిపోయేది, అతనికి పోటీయే ఉండేది కాదు. ఊరుకుంటే చాలు, వేరే ఏమీ చేయనక్కరలేదు. ఊరుకోలేదు. దీనికి నేను ఇప్పటిదాకా అతనికి కృతజ్ఞత చెప్పలేదు. బావా, ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు శాలువా చూసుకోవడం ఆపి ఇటు చూడు. (చప్పట్లు)

ఇక ఈమధ్య సంగతి, బావ షాపు ఇస్తానని రావడానికి కొంచెం ముందుది. బారువ తీరంలో కొత్తగా రిసార్టు కట్టినాయన ఇసక మీద పెళ్లిళ్లు చేయిస్తున్నాడు. సముద్రం పక్కన మంటపం, మంటపం దాకా తివాచీలు. పెళ్లి అయ్యేసరికి తివాచీ అడుగునంతా ఇసక. దానికి మంచి మిషను కావాలని ముగ్గురిని పిలిచాడు, ఉత్తరాది కంపెనీవాళ్లను, బావను, నన్ను. ముగ్గురం మిషన్లు తీసుకెళ్లి వాళ్ల పెరట్లో నిలబెట్టాం. ముందురోజు పెళ్లిలో పరిచిన తివాచీలు తలా ఒకటి ఇచ్చారు.

కంపెనీవాళ్ల మిషనుకు అద్దంలాంటి తెర ఉంది, దానిలో అంకెలు వెలుగుతున్నాయి. చూడడానికి బాగుంది. తివాచీ కూడా తెల్లగానే ఉతికింది. ఆరాక రిసార్టు మేనేజరు కర్రతో ఒక్కటి కొడితే గుప్పెడు ఇసక రాలింది. నాది అంతకన్నా మేలు, సగం గుప్పెడు. బావ మిషను వంతు వచ్చింది. డ్రమ్ము ఒకవైపు తిరిగి, ఆగి, మళ్లీ రెండోవైపు తిరిగింది. తిరిగినప్పుడల్లా తివాచీ చుట్టుకుంది, విచ్చుకుంది, చుట్టుకుంది, విచ్చుకుంది. మేనేజరు కర్రతో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఏమీ రాలలేదు. ఆర్డరు పచ్చరంగుకు వెళ్లింది. అందరూ బావ చుట్టూ చేరితే నేను వెళ్లి ఆ డ్రమ్ములోకి తల పెట్టాను.

లోపల పట్టీలు వాలుగా ఉన్నాయి. మన పనివాళ్లకు అర్థమవుతుంది, మిగతావాళ్లకు చెబుతాను. డ్రమ్ములో పడిన సరుకును పైకి ఎత్తి పడేసేవి ఆ పట్టీలు. నా డ్రమ్ముల్లో మొదటినుంచీ నిటారుగా ఉంటాయి, బావ డ్రమ్ముల్లోనూ అంతే, ఎందుకంటే మేమిద్దరం జీడిపిక్కల దగ్గర పని నేర్చుకున్నాం. జీడిపిక్క దొర్లితే చాలు. తివాచీ దొర్లితే ముద్దగా చుట్టుకుపోతుంది, ఇసక నడుమ చిక్కుకుంటుంది. ఇన్నేళ్లు రంగులు మార్చాం, చక్రాలు మార్చాం, గ్యారంటీలు మార్చాం. ఆ పట్టీలను మాత్రం ఇద్దరం కదపలేదు. కదపాలని తోచలేదు. మా చేతులు ఇంకా జీడిపిక్కలే వేరుచేస్తున్నాయి.

కాబట్టి ఆ డ్రమ్ము చేసింది జీడిపిక్కల పని ఎరగని చెయ్యి. బావ షాపులో మేస్త్రీలందరూ నాకు తెలుసు, అందరూ మా కాలంవాళ్లే. తల బయటికి తీసేసరికి మాధవి పక్కన నిలబడి ఉంది. ఇది నువ్వు చేశావా అని నేను అడగలేదు. పట్టీలు వాలుగా ఎందుకు పెట్టావని అడిగాను.

"నిటారుగా ఎడితే సుట్టుకుపోతంది మావయ్యా, ఇసక లోపలే ఉండిపోతంది. వాలుగా ఎడితే పక్కకి జారి ఇడిపోతంది," అంది గబుక్కున. అని, నాలిక కరుచుకుని తండ్రి వైపు చూసింది. అక్కడ మా బావ మేనేజరుకు, ఈ వాలు పట్టీల ఆలోచన తనకు మొదటినుంచీ ఉందని చెబుతున్నాడు. (పెద్దగా నవ్వులు)

నేను దాన్ని తప్పుగా తీసుకోలేదు. ఆడపిల్ల చేసిందంటే కొనరేమో అని ఆ తండ్రి భయం. కూతురు చేసిందాన్ని కాపాడుకోవడానికే తన పేరు కప్పాడు. కానీ బావా, ఆ భయంతోనే నువ్వు షాపును నాకు ఇస్తానంటున్నావు. అందుకని నా జవాబు ఈ సభలో అందరూ వినాలి.

నీ షాపు నేను కొనను.

(సభలో కలకలం)

ఆగండి, ఆగండి. గోపాలరావు గారూ, ఒక్క నిమిషం. డబ్బు లేక కాదు, ఇష్టం లేక కాదు. అది కొంటే ఈ జిల్లాలో నేనొక్కణ్ణే మిగులుతాను. ఒక్కణ్ణే అయితే నేను ఏం చేస్తానో నాకు తెలుసు, నిటారు పట్టీలే పెట్టుకుంటూ పోతాను, నన్ను అడిగేవాడు ఉండడు. నా మూత విప్పి తిట్టేవాడు ఉండడు. తెరలూ అంకెలూ ఉన్న కంపెనీ మళ్లీ వస్తుంది, ఈసారి ఇసక సంగతి నేర్చుకుని వస్తుంది. అప్పుడు దాన్ని ఓడించేది నేను కాను. నన్ను ఓడించినవాళ్లే దాన్ని ఓడించాలి. నాకు ఎదురు షాపు కావాలి. అది మాధవిది కావాలి.

(ఇక్కడ జనార్దనరావు గారు కూర్చున్న చోటు నుంచే, "అది సేయగల్దంటావా బావా?" అని అడిగారు.)

సేసింది కదా బావా. నాను ఓడిపోయింది దాని సేతిలోనే.

(చాలాసేపు చప్పట్లు)

కాగితంలో లేని మాట వచ్చేసింది, మన్నించండి. మళ్లీ కాగితానికి వస్తాను. కొనేవాళ్లు ఆ పిల్ల మాట వినరని బావ అన్నాడు. కొనేవాళ్లు ఇక్కడే ఉన్నారు, అడుగుదాం. ఉమాశంకర్ గారూ, ఈ గొడవ మీరే పెట్టారు, మీరే చెప్పండి.

(ఉమాశంకర్ గారు లేచి, "మాకు మిషను ఆడితే సాలు తవిటయ్యా, ఎవుళ్లు సేత్తే ఏటి? పెళ్లివోళ్లు తివాచీ సూత్తారు గానీ డ్రమ్ము సూత్తారా?" అన్నారు. నవ్వులు.)

విన్నావు కదా. అయినా ఎవరైనా, అమ్మాయి చేసిన మిషను మాకెందుకని గేటు దాటి నా దగ్గరికి వస్తే, నేను అమ్మను. వెనక్కే పంపుతాను. ఆమె మేస్త్రీలెవరైనా పనికి నా దగ్గరికి వచ్చినా అంతే. అమ్మకాల్లో మాత్రం దయ చూపను. మాధవీ, అది గుర్తుపెట్టుకో. బరంపురం మీద నాకు ఇంకా ఆశ ఉంది.

కృష్ణవేణి చెల్లెమ్మ కళ్లు తుడుచుకుంటోంది, నేను అటు చూడను. బావ కూడా శాలువాతో తుడుచుకుంటున్నాడు, నీళ్లు బాగా తాగే శాలువాయే అది, పనికొస్తోంది. బావా, కళ్లకు విశ్రాంతి ఇవ్వు. షాపుకు వెళ్లు, డ్రమ్ము మీద కూర్చో, కూతురి పనికి వంకలు పెట్టు. మంట వైపు మాత్రం చూడకు.

అందరూ పూలగుత్తులు తెచ్చారు. నేను తెచ్చింది బావకు కాదు. అమ్మా మాధవీ, ఒకసారి పైకి రా. ఇది సుద్దముక్కల పెట్టె. అక్కుపల్లిలో ఉన్న నా నీలం మిషనుకు బేరింగు పోయింది, రేపు నీ షాపుకు తోలుకురమ్మని నేనే చెప్పాను. మూత విప్పు. మీ నాన్న రాసినవి ఆ మూతంతా ఉండేవి, నిన్న వెళ్లి ఒక పక్క తుడిచి నీకు చోటు చేసి వచ్చాను. తిట్టు పెద్దగా రాయి, మొహమాటపడకు. చిన్న అక్షరాలు మాత్రం మరిచిపోకు.

పిలిచినందుకు గోపాలరావు గారికి, ఓపిగ్గా విన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు. ఇన్నేళ్లు నన్ను నిద్రపోనివ్వనందుకు బావకు ఇంకా ఎక్కువ కృతజ్ఞతలు. భోజనాలకు నేను ఉండలేను, ఏమనుకోకండి. షాపులో ఒక డ్రమ్ము విప్పి పెట్టి వచ్చాను. వాలు పట్టీల కన్నా మేలైనది ఏదో ఒకటి ఉండి తీరాలి.

సెలవు.